కాగితమా, క్లేనా, ఆటబొమ్మలా? పిల్లలతో ఫోన్‌లో స్టాప్ మోషన్ తీయడానికి ఏది ఎంచుకోవాలి

కదలని వస్తువును రవ్వంత జరిపి ఒక ఫోటో తీయడం, మళ్లీ రవ్వంత జరిపి మరొకటి తీయడం, అలా తీసిన ఫోటోలన్నింటినీ వరుసగా, వేగంగా చూపించి ఆ వస్తువు తనంతట తానే నడిచిందన్న భ్రమ కలిగించడం: స్టాప్ మోషన్ అంటే ఇంతే. దాదాసాహెబ్ ఫాల్కే 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ను విడుదల చేయడానికి ముందు, కుండీలో నాటిన బఠానీ గింజ మొలకెత్తి మొక్కగా ఎదగడాన్ని ఇలాగే ఆపి ఆపి, ఫ్రేము తరువాత ఫ్రేముగా, అంటే ఒక్కొక్క చిత్రంగా తీశారు. ఆనాడు సినిమా కెమెరా ఉన్నవారికే సాధ్యమైన ఆ పనిని నేడు ఇంట్లోని పాత ఫోన్ కూడా చేసి పెడుతుంది. అందువల్ల పరికరం గురించి పెద్దగా బెంగ అక్కరలేదు. ఏ వస్తువులతో తీయాలి, ఫోన్‌ను ఎక్కడ నిలపాలి, ఏ ఆప్ వాడాలి, సెకనుకు ఎన్ని ఫోటోలు తీయాలి అన్న నాలుగు విషయాలను పిల్లల వయసును బట్టి తేల్చుకోవడమే అసలు పని. మూడు వేసవులుగా మా అబ్బాయితోనూ, సెలవులకు మా ఇంటికి వచ్చే మా చెల్లెలి కూతురితోనూ కలిసి ఈ పని చేస్తున్నాను. మొదటి వేసవిలో వాడికి తొమ్మిదేళ్లు, ఆ పాపకు ఐదేళ్లు. ఆ అనుభవంతోనే ఈ పోలిక రాస్తున్నాను.

ముందుగా ఫోటోల లెక్క

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు ఉంటాయి. స్టాప్ మోషన్ నిపుణులు చాలాసార్లు ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేములు ఉంచి, సెకనుకు 12 భంగిమలతోనే సరిపెడతారు. పిల్లలకు అదీ ఎక్కువే. పది సెకన్ల వీడియోకు సెకనుకు 12 చొప్పున 120 ఫోటోలు కావాలి, 6 చొప్పున అయితే 60 చాలు. బొమ్మను జరిపి, చేయి తీసేసి, ఫోటో నొక్కడానికి పిల్లలకు పది నుంచి పదిహేను సెకన్లు పడుతుందనుకుంటే, మొదటి పద్ధతిలో అరగంట దాకా, రెండవదానిలో పావుగంట దాకా కూర్చోవాలి. ఐదారేళ్ల పిల్లలకు ఈ తేడా చాలా పెద్దది, ఎందుకంటే కూర్చున్న పూటనే ఫలితం కళ్లారా చూడకపోతే మరునాడు వారు ఆ పని వైపు రారు.

నా సలహా ఏమిటంటే, ఎనిమిదేళ్ల లోపు వారితో సెకనుకు 5 లేదా 6 ఫోటోలతో మొదలుపెట్టండి, ఆ పై వయసు వారితో 8 లేదా 10కి వెళ్లండి. కదలిక కొంచెం కుదుపుగా కనిపించినా పిల్లలకు అది లోపంగా తోచదు. పన్నెండుకు పోవాలన్న కోరిక, తీసిన వీడియోను పదేపదే చూసుకున్న తరువాత వారిలోనే పుడుతుంది. ఫోటోల సంఖ్య పెరిగినప్పుడు బొమ్మను జరిపే దూరం తగ్గించాలన్న సంగతి మాత్రం ముందే చెప్పి ఉంచాలి. సెకనుకు 6 ఫోటోలు తీసేటప్పుడు సెంటీమీటరు చొప్పున జరిపిన బొమ్మను, 12 తీసేటప్పుడు అర సెంటీమీటరు చొప్పున జరిపితేనే అదే వేగంతో నడుస్తుంది.

దేనితో తీయాలి

ఇంట్లో దొరికే వాటిలో నాలుగు రకాలు ఉన్నాయి: కత్తిరించిన కాగితం బొమ్మలు, పలక మీద బలపంతో గీసే బొమ్మలు, ఆటబొమ్మలు, క్లే. వీటితో పాటు పిల్లలే బొమ్మలుగా మారే ఐదవ పద్ధతి ఒకటి ఉంది.

మొదటిసారి తీసేవారు కాగితంతోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. కాగితం బొమ్మ నేల మీద పడుకుని ఉంటుంది కనుక పడిపోదు, కరిగిపోదు, దాని కాలు విరగదు. ఖర్చు కూడా దాదాపు ఉండదు. పాత పెళ్లి శుభలేఖల అట్ట ఇందుకు ఎంతో బాగా పనికివస్తుంది, ఎందుకంటే నోటుపుస్తకం కాగితంలా అంచులు పైకి లేవకుండా అది చదునుగా పడి ఉంటుంది. చేతులు, కాళ్లు విడివిడిగా కత్తిరించి ఊరికే పక్కన పెట్టినా సరిపోతుంది, లేదా కీళ్ల దగ్గర చిల్లు పెట్టి దారం దూర్చి, రెండు వైపులా ముడి వేయవచ్చు. మన తోలుబొమ్మల చేతులు, కాళ్లు అతికించే పద్ధతి కూడా ఇదే. పిల్లలకు తోలుబొమ్మలాట చూపించి ఉంటే ఈ ముడి సంగతి ఇట్టే అర్థమవుతుంది. ఆ బొమ్మలు ఎక్కువగా పక్కకు తిరిగిన ముఖంతోనే ఎందుకు ఉంటాయో కూడా కత్తెర పట్టుకున్నాక వారికే తెలుస్తుంది: పక్కకు తిరిగిన బొమ్మకే నడక స్పష్టంగా కనిపిస్తుంది.

మా పిల్లల మొదటి వీడియో, ఒక చీమ పటికబెల్లం పలుకును పుట్టకు చేర్చే కథ. చీమకు ఉన్న ఆరు కాళ్లనూ ప్రతి ఫోటోకు జరపడం అయ్యే పని కాదని రెండో నిమిషంలోనే తెలిసిపోయింది. అందుకని మా అబ్బాయి ఒకే కొలతలో రెండు చీమలను కత్తిరించాడు. ఒకదాని కాళ్లు ముందుకు, రెండవదాని కాళ్లు వెనక్కు వంగి ఉంటాయి. ఒక ఫోటోకు మొదటి చీమను, తరువాతి ఫోటోకు రెండవ చీమను పెడుతూ పోతే అది చకచకా నడిచినట్లు కనిపించింది. వృత్తిగా యానిమేషన్ చేసేవారు కూడా ఇలా బొమ్మను మార్చి పెట్టే పద్ధతిని వాడతారు.

సగం దారిలో చిన్నది, “పెద్దమ్మా, చీమకు బరువుగా ఉంది, కాసేపు ఆగాలి” అని పట్టుబట్టింది. అయితే చీమను కదపకుండా ఆరు ఫోటోలు తీయమన్నాను. అంటే సరిగ్గా ఒక సెకను. వీడియోలో చీమ ఆగినప్పుడు అది నిజంగానే అలసి నిలబడిందనిపించింది, ఆ తరువాత మళ్లీ కదలగానే పిల్లలిద్దరూ చప్పట్లు కొట్టారు. కదలికతో పాటు నిలకడకూ ఫోటోలు ఖర్చవుతాయన్న సంగతి, నేను పాఠంలా చెప్పి ఉంటే అంత బాగా వారి మనసుకు ఎక్కేది కాదు.

కాగితానికి ఉన్న ఒకే ఒక శత్రువు ఫ్యాను. మే నెల మధ్యాహ్నం ఫ్యాను ఆపి పావుగంట కూర్చోవడం పిల్లలకు నిజమైన శిక్ష. కనుక ఉదయం ఎనిమిది లోపు గానీ, ఫ్యాను గాలి తగలని మూలలో గానీ తీయండి. అలా కుదరకపోతే ఒక్కో ముక్క అడుగున రవ్వంత క్లే ముద్దను అద్దితే ముక్క ఎగరదు, జరిపేటప్పుడు సులువుగా ఊడి కూడా వస్తుంది. జిగురు మాత్రం వాడవద్దు.

పలక, బలపం కాగితం కన్నా తేలిక. గీసిన బొమ్మను కొంచెం తుడిచి, మళ్లీ గీసి ఫోటో తీస్తారు. పువ్వు విచ్చుకోవడం, చంద్రుడు పెరగడం, అక్షరం దానంతట అదే రాసుకోవడం వంటివి దీనితో అద్భుతంగా వస్తాయి. తుడిచిన చోట తెల్లని చార మిగులుతుంది, కానీ అది కూడా బొమ్మ నడిచి వచ్చిన దారిలా అందంగానే ఉంటుంది. అక్షరాలు నేర్చుకుంటున్న పిల్లలున్న ఇంట్లో నేను దీనినే ముందు పెడతాను: ‘అ’ మొదలు నుంచి చివర దాకా ఏ వరుసలో సాగుతుందో వారే ఇరవై ఫోటోలలో గీసి చూపిస్తారు. రెండు పాత్రలు మాట్లాడుకునే కథకు మాత్రం పలక చాలదు.

ఆటబొమ్మలను ఎంచుకునేటప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: ఇది దానంతట అది నిలబడుతుందా, దీని చేతులు కదులుతాయా? కీళ్లున్న ప్లాస్టిక్ బొమ్మలు, ముఖ్యంగా లెగో వంటి బిళ్ల మీద బిగించి నిలబెట్టగల చిన్న మనుషులు ఈ పనికి చాలా అనుకూలం. మన కొండపల్లి బొమ్మల తీరు వేరు. తెల్లపొణికి కర్రతో విడివిడిగా చెక్కిన భాగాలను, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, ఆ పైన రంగులు వేస్తారు కనుక వాటి చేతులు కదలవు. అంబారీ ఏనుగును ఊరేగింపులో ముందుకు జరపడానికి అవి చక్కగా సరిపోతాయి, తొండం ఎత్తాలంటే మాత్రం సరిపోవు. లక్క పూసిన ఏటికొప్పాక బొమ్మలు గుండ్రంగా, నునుపుగా ఉండి దొర్లే కదలికకు బాగుంటాయి, కానీ వాటి మెరుపులో కిటికీయే గాక, ఫోన్ పట్టుకున్న మనిషి నీడ కూడా కనిపిస్తుంది. అలాంటప్పుడు కిటికీకి పలుచని తెల్ల పంచె అడ్డంగా కడితే మెరుపు తగ్గుతుంది. ఆటబొమ్మల వల్ల ఇంకొక మేలు ఉంది. తయారీకి సమయం పట్టదు కనుక, బొమ్మలు చేసే ఓపిక లేకపోయినా కథ చెప్పే ఉత్సాహం ఉన్న పిల్లలు నేరుగా కథలోకి వెళ్లిపోగలరు.

క్లే గురించి ఎక్కువ చెప్పవలసి ఉంది, ఎందుకంటే స్టాప్ మోషన్ అనగానే అందరికీ తట్టేది అదే, పిల్లలు నిరాశపడేదీ ఎక్కువగా దానితోనే. వినాయక చవితికి వాడే బంకమట్టి వీడియో తీస్తుండగానే ఆరి బీటలు వారుతుంది. మైదా లేదా చపాతీ పిండి ముద్ద మొదట మెత్తగా కుంగిపోతుంది, తరువాత పైపొర గట్టిపడుతుంది. ఈ పనికి నూనె కలిపిన, ఆరిపోని క్లే కావాలి. పెన్సిళ్లు, రంగులు అమ్మే దుకాణాలలో రంగురంగుల కడ్డీలుగా దొరికేది సాధారణంగా అదే. గాలి తగిలితే ఆరి గట్టిపడే రకం కూడా పక్కనే ఉంటుంది కనుక పెట్టె మీద రాసింది చదివి కొనండి.

ఆరిపోని క్లేకు మన ఎండలు పడవు. రెండవ వేసవిలో మా అబ్బాయి క్లేతో ఒక ఏనుగు చేసి, అది తొండంతో నీళ్లు చిమ్మే కథ మొదలుపెట్టాడు. మధ్యాహ్నం రెండు గంటల వేళ, దాదాపు నలభై ఫోటోల తరువాత, ఏనుగు ముందు కాళ్లు మెల్లగా వంగడం మొదలైంది. ఆ వంగడం ఫోటోకు ఫోటోకు మధ్య కంటికి తెలియలేదు, వీడియోలో మాత్రం ఏనుగు మోకరిల్లుతున్నట్లు స్పష్టంగా కనిపించింది. వాడు ఆ పూట ఇక దానిని ముట్టుకోలేదు. మరునాడు పాత కరెంటు తీగలోని రాగి పోగులను మెలివేసి కాళ్ల లోపల పెట్టాము, అరగంటకొకసారి ఏనుగును పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచాము, కాళ్లను దిమ్మల్లా లావుగా చేశాము. అప్పుడు నిలబడింది. ఫ్రిజ్‌లోకి వెళ్లే ముందు దాని పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీత గీసుకోవాలి, లేకపోతే తిరిగి అదే చోట పెట్టడం సాధ్యం కాదు.

కనుక క్లేను ఎంచుకుంటే మొదటి పాత్రగా కాళ్లులేని ప్రాణిని తీసుకోండి. నత్త, పాము, వానపాము, నీటిబొట్టు వంటివి పడిపోవు, సాగదీస్తే ముచ్చటగా ఉంటాయి. ఒక ముద్ద కాసేపు గుండ్రంగా, కాసేపు పొడవుగా, ఆ పైన పిల్లిగా మారిపోవడం కాగితంతో ఎంత కష్టపడినా రాదు. ఎనిమిదేళ్లు దాటి, ఒకే పనిని రెండు రోజులు కొనసాగించగల పిల్లలకే నేను దీనిని సూచిస్తాను. తెల్ల క్లేను ముట్టుకునే ముందు చేతులు తుడుచుకోవడానికి తడిగుడ్డ దగ్గర పెట్టుకోండి, ఎర్ర రంగు అంటిన వేలితో ముట్టుకుంటే ఆ మరక పోదు.

ఇక ఐదవ పద్ధతిలో పిల్లలే బొమ్మలు. డాబా మీద నిలబడి, ప్రతి ఫోటోకు ఒక్కసారి పైకి ఎగిరితే, ఎగిరిన క్షణాలే ఫోటోలుగా పడి, వీడియోలో వారు నేలను తాకకుండా తేలిపోతున్నట్లు కనిపిస్తారు. దీనిని పిక్సిలేషన్ అంటారు. ఒకచోట కూర్చోలేని ఐదేళ్ల పిల్లలకు ఇంతకన్నా మంచి ప్రారంభం లేదు. ముప్పై ఎగురుళ్లతో ఐదు సెకన్ల వీడియో పూర్తవుతుంది. డాబా పిట్టగోడకు దూరంగా, మీ కళ్లెదుటే చేయించండి. ఈ వీడియోలో పిల్లల ముఖాలు కనిపిస్తాయి కనుక దానిని ఇంటివారికి మాత్రమే పంపడం మేలు.

పై నుంచా, ఎదుటి నుంచా

ఇది మీరు ఎంచుకున్న వస్తువును బట్టే తేలిపోతుంది. కాగితం, పలక అయితే ఫోన్ పైన ఉండి కిందకు చూడాలి, నిలబడే బొమ్మలయితే ఎదురుగా ఉండాలి. ఎదుటి నుంచి తీయడానికి రెండు లావుపాటి పుస్తకాల మధ్య ఫోన్‌ను బిగిస్తే చాలు. పై నుంచి తీయడానికి ఒకే ఎత్తున్న రెండు స్టూళ్లను పక్కపక్కన పెట్టి, వాటి మీద అడ్డంగా పలుచని చెక్కను గానీ, రెండు పొడవాటి స్కేళ్లను గానీ వేసి, కెమెరా కన్ను అంచు దాటి కిందకు చూసేలా ఫోన్‌ను పెట్టి, కదలకుండా టేపు వేయాలి. స్టూళ్ల కాళ్ల దగ్గర నేల మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. ఎవరి మోకాలైనా తగిలి స్టూలు జరిగితే ఆ గుర్తు ఆధారంగా తిరిగి పెట్టవచ్చు. కథ జరిగే చార్టు నాలుగు మూలలనూ నేలకు టేపుతో అతికించాలి. స్టాండు కొనాలనుకుంటే కాళ్లు ఎటైనా వంగే చిన్న స్టాండు కన్నా, బల్ల అంచుకు మరతో బిగించే, చేయి పొడవుగా ఉండే రకమే కొనండి, ఎందుకంటే దానితో రెండు కోణాలలోనూ తీయవచ్చు.

ఏ కోణమైనా ఫోన్‌ను తాకిన ప్రతిసారీ అది రవ్వంత కదులుతుంది. మామూలు కెమెరాతో తీస్తుంటే, తీగ ఉన్న ఇయర్‌ఫోన్‌లోని వాల్యూమ్ బటన్ చాలా ఫోన్లలో ఫోటో తీస్తుంది. ఆ బటన్‌ను చిన్నపిల్ల చేతిలో పెడితే తనకూ ఒక బాధ్యత దక్కుతుంది, పెద్దవాడి చేతులు బొమ్మను జరపడానికి ఖాళీగా ఉంటాయి. మొదలుపెట్టే ముందు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మరవకండి, ఫోన్ మోగితే వణికి జరిగిపోతుంది.

ఆప్‌లలో ఏది

మూడు దారులున్నాయి. మొదటిది, మామూలు కెమెరాతో ఫోటోలు తీసి, ఇన్‌షాట్ వంటి ఎడిటింగ్ ఆప్‌లో వాటిని వరుసగా పేర్చడం. ఇందులో కొత్తగా నేర్చుకునేది తక్కువ, కానీ రెండు ఇబ్బందులు ఉన్నాయి. కిందటి ఫోటోలో బొమ్మ ఎక్కడ ఉందో తీసేటప్పుడు కనిపించదు, వీడియో ఎలా వచ్చిందో అన్నీ తీసి పేర్చేదాకా తెలియదు. పైగా 12 మెగాపిక్సెళ్ల ఫోటోలో కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లు ఉంటే, ఫుల్ హెచ్‌డీ వీడియోకు కావలసినవి 1920×1080, అంటే దాదాపు ఇరవై లక్షలే. మిగిలినదంతా ఫోన్‌లో వృథాగా చోటు తినేస్తుంది.

రెండవది, స్టాప్ మోషన్ స్టూడియో వంటి, ఈ పని కోసమే చేసిన ఆప్. ఇది ఆండ్రాయిడ్‌లోనూ, ఐఫోన్‌లోనూ దొరుకుతుంది, ఉచిత రకంతో పిల్లల పని జరిగిపోతుంది. దీనిలో నాకు అన్నింటికన్నా విలువైనదిగా తోచేది ఆనియన్ స్కిన్ అనే సదుపాయం: ఇప్పుడు కెమెరా చూస్తున్న దృశ్యం మీద, కిందటి ఫోటో పలుచని నీడలా కనిపిస్తుంది. చేతితో గీసే యానిమేటర్లు పలుచని ఉల్లిపొర కాగితం మీద, అడుగున ఉన్న బొమ్మను చూస్తూ తరువాతి బొమ్మ గీసేవారు, పేరు అక్కడి నుంచే వచ్చింది. స్టూలుకు మోకాలు తగిలినప్పుడు కూడా, ఆ నీడతో సరిగ్గా కలిసేదాకా ఫోన్‌ను జరుపుకుని పని కొనసాగించవచ్చు. మధ్యలో ఎప్పుడైనా వీడియోను ఆడించి చూడవచ్చు, వేగం మార్చవచ్చు, పొరపాటున చెయ్యి పడిన ఫోటో ఒక్కటే తొలగించవచ్చు. ఐదేళ్ల పిల్లలకు పదేసి ఫోటోలకు ఒకసారి ఆడించి చూపించడం ఎంతో అవసరం, ఈ ఒక్క కారణం చేతనే నేను మొదటి దారిని సూచించను.

మూడవది, ఫ్లిపాక్లిప్ వంటి, తెర మీదనే వేలితో బొమ్మలు గీసే ఆప్. అందులోనూ ఆనియన్ స్కిన్ ఉంటుంది, బొమ్మలు గీయడం ఇష్టమైన పెద్ద పిల్లలు దానిలో గంటల తరబడి మునిగిపోతారు. కానీ అక్కడ కత్తెర లేదు, మట్టి లేదు, ఇద్దరు పిల్లలు ఒకే బల్ల చుట్టూ చేరి వాదించుకునే అవకాశమూ లేదు. ప్రయాణంలో ఉన్నప్పుడు తప్ప ఇంట్లో దానిని నేను ముందు పెట్టను.

వెలుతురు, ధ్వని

కిటికీ వెలుతురు చూడడానికి అందంగా ఉంటుంది, కానీ మబ్బు వచ్చి పోతే వీడియోలో వెలుగు మినుకుమినుకుమంటుంది. గది మూసి, రెండు పక్కలా రెండు టేబుల్ లైట్లు పెడితే వెలుగు నిలకడగా ఉంటుంది, అయితే కరెంటు పోతే పని ఆగిపోతుంది. పావుగంటలో ముగిసే చిన్న వీడియోకు, మబ్బు లేని ఉదయాన కిటికీ చాలు. రెండు రోజుల క్లే పనికి లైట్లే కావాలి. ఏది ఎంచుకున్నా తెర మీద బొమ్మను కాసేపు నొక్కి పట్టి ఫోకస్, వెలుగు మారకుండా లాక్ చేయండి. లేకపోతే చెయ్యి ఫ్రేములోకి వచ్చి పోయినప్పుడల్లా ఫోన్ తనంతట తాను వెలుగును మార్చుకుంటుంది. బల్ల దగ్గర కూర్చునేవారు తెల్ల చొక్కా బదులు ముదురు రంగు బట్టలు వేసుకోవాలి, తెల్ల బట్ట మీద పడిన వెలుగు ఎగసి బొమ్మ మీద పడుతుంది.

మాటలను ముందు రికార్డు చేసి వాటికి బొమ్మ నోరు కలపడం పిల్లలకు చాలా కష్టం. వీడియో పూర్తయ్యాక దానిని చూస్తూ మాట్లాడించండి. చీమ నడకకు మా పాప స్టీలు పళ్లెం మీద గోళ్లతో టకటకమని కొట్టింది, పుట్టలోకి పటికబెల్లం పలుకు పడిన చప్పుడుకు గ్లాసులో కందిపప్పు పోసింది. వీడియోను సేవ్ చేసి, అది మరొక ఫోన్‌లో కూడా తెరుచుకుంటోందని చూసుకున్న తరువాతే ఆప్‌లోని ఫోటోలను తీసేయండి. కాగితం ముక్కలను కవరులో వేసి, మీద పాత్ర పేరు పిల్లల చేతనే రాయించి దాచండి. మా రెండు చీమలు మూడవ వేసవిలో మరో కథలోకి కూడా వచ్చాయి.